సొంత టెస్టర్ ఇచ్చి పనికి పంపండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉపాధి, శిక్షణ శాఖల కమిషనర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గార్లకు,

నేను వరంగల్‌లో ఇళ్లకు, చిన్న కార్ఖానాలకు వైరింగ్ చేయించే ఎలక్ట్రికల్ మేస్త్రీని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి, అప్రెంటిస్‌గా చేసి, హెల్పర్‌గా మొదలై ఈ స్థితికి వచ్చినవాణ్ణి. ఏటా మీ సంస్థల్లో పాసైన పిల్లలు నా దగ్గర పనిలో చేరుతుంటారు. ఓమ్ సూత్రం అడిగితే చెబుతారు. స్టార్ డెల్టా స్టార్టర్ కనెక్షన్ బొమ్మ గీయమంటే గీస్తారు. సంచీ విప్పమంటే మాత్రం టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, ఫోన్ చార్జర్ బయటికొస్తాయి. పనిముట్టు ఒక్కటీ ఉండదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. రెండేళ్ల చదువులో "ఇది నీది, ఉంచుకో" అని ఒక్క టెస్టర్ అయినా ఎవరూ వాళ్ల చేతిలో పెట్టలేదు.

ఈ ఉత్తరం ఆ ఒక్క సంగతి గురించే. ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన ప్రతి విద్యార్థికీ, ప్రతి విద్యార్థినికీ, చేరిన మొదటి నెలలోనే సొంతానికి పనిముట్ల సంచీ ఒకటి ఇవ్వండి. చదువయ్యాక వెనక్కి తీసుకోకండి. దానితోనే వాళ్లను అప్రెంటిస్‌షిప్‌కు పంపండి.

సిలబస్‌లో శిక్షణార్థుల కిట్ అని ఇప్పటికే ఒక జాబితా ఉందని మీకు తెలుసు. కొలత టేపు, ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు, నియాన్ టెస్టర్, కత్తి అందులో ఉన్నాయి. కానీ అవి సంస్థ ఆస్తి. ప్రాక్టికల్ అయిపోగానే లెక్కపెట్టి స్టోర్‌లో పెట్టి తాళం వేస్తారు. పోతే జవాబు చెప్పాల్సిన ఇన్‌స్ట్రక్టర్ వాటిని ఆచితూచి బయటికి తీస్తాడు. ఆయన భయం ఆయనది. పిల్లలకు మాత్రం పనిముట్టు అనేది ఒకరు ఇస్తే పట్టుకుని, అడిగితే తిరిగిచ్చే వస్తువుగానే అలవాటవుతుంది. ఆ అలవాటుతోనే సైట్‌లోకి వస్తారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మా పనిలో రోజూ వినబడే మాట ఒకటుంది. నిచ్చెన మీదున్న కొత్త పిల్లాడు కిందికి చూసి, "అన్నా, మెయిన్ బంద్ చేసినవా?" అంటాడు. కింద నుంచి "చేసిన, కానీయ్" అని జవాబొస్తుంది. పిల్లాడు వైరు పట్టుకుంటాడు. జవాబు చెప్పినవాడు అబద్ధమాడలేదు, నిజంగానే మెయిన్ తీశాడు. అయినా ఆ వైరులో కరెంటు ఉండటానికి మన ఇళ్లలో చాలా దారులున్నాయి. మెయిన్ తీసిన క్షణంలోనే ఇన్వర్టర్ అందుకుని, దాని లైన్లన్నిటికీ బ్యాటరీ నుంచి 230 వోల్టులు ఇస్తుంది. పాత ఇళ్లలో కొన్నిచోట్ల స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టి ఉంటారు. స్విచ్ ఆఫ్ చేస్తే లైటు ఆరుతుంది, హోల్డర్ దాకా ఫేజు మాత్రం వచ్చే ఉంటుంది. పై పోర్షన్ మీటరు నుంచి ఎప్పుడో ఎవరో దించిన వైరు కింది పోర్షన్ జంక్షన్ బాక్సులో కలిసి ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ లైను వేరు. ఇప్పుడు సోలార్ కూడా తోడయ్యింది. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మేడ మీద ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లు పెరిగారు. ఎండ కాస్తున్నంతసేపూ ప్యానెళ్ల నుంచి దిగే డీసీ వైర్లలో వోల్టేజీ ఉంటుంది. కింద మెయిన్ తీసినంత మాత్రాన అది పోదు.

ఇలాంటి చోట పిల్లాణ్ణి కాపాడేది పక్కవాడి మాట కాదు, జేబులోని టెస్టర్. అది లేనివాడు ఇంకొకరిని అడగాలి. అడిగితే "నేను చెప్తున్న కదా, నమ్మవా?" అని పెద్దవాడికి కోపమొస్తుంది. పనిలో చేరి వారం కాని పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఆ కోపానికి జంకి వైరు పట్టుకుంటాడు. సొంత టెస్టర్ ఉన్నవాడు ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవర్నీ అనుమానించినట్టు కనబడనూ అక్కర్లేదు. తీసి పెట్టి చూసుకుంటాడు, అంతే. పనిముట్టు సొంతమవ్వడం అంటే నా లెక్కలో ఇదే. తన ప్రాణం సంగతి తానే తేల్చుకునే అధికారం చేతికి రావడం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2021లో దేశం మొత్తం మీద కరెంటు షాకుతో పోయినవాళ్లు 12 వేలకు పైనే. మనిషి పట్టుకున్న వైరును తనంతట తాను వదలలేని స్థితి రమారమి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలవుతుంది. ప్రాణం నిలబెట్టడానికి ఇంట్లో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి ట్రిప్ కావాలి. పాతకాలం పదిహేను వాట్ల జీరో బల్బు వాడుకునే కరెంటు దానికి రెట్టింపు. ఇదంతా పిల్లలు పుస్తకంలో చదివే వస్తారు. చదివినదాన్ని వైరు మీద పరీక్షించి చూసుకునే సాధనం వాళ్ల దగ్గర లేదన్నదే నా బాధ.

ఇక సంచీలో ఏముండాలో చెబుతాను. ఇన్నేళ్లూ పిల్లల చేత కొనిపించిన అనుభవంతో చెబుతున్న మాటలివి.

మొదటిది టెస్టర్. యాభై, వంద రూపాయల్లో మంచిదే దొరుకుతుంది. లోపల చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో పెద్ద రెసిస్టర్ ఉంటాయి. వేలు పైన పెడితే ఒంటి గుండా మిల్లీ ఆంపియర్‌లో కొద్ది వంతే పోతుంది కాబట్టి షాకు తగలదు. ఆ రెసిస్టర్ మీదే ప్రాణం ఆధారపడి ఉంది. అందుకే టెస్టర్‌తో స్క్రూలు బిగించడం మానాలని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. బిగించి బిగించి మొన వంకరపోతుంది, తొడుగు చిరుగుతుంది, లోపల భాగాలు పగులుతాయి. పగిలిన టెస్టర్ రెండు రకాలుగా చంపుతుంది: ఫేజు ఉన్నా వెలగకపోవడం ఒకటి, ఒంట్లోకి నేరుగా కరెంటు రానివ్వడం రెండోది. ఎండలో దాని వెలుగు కనబడదు. పొడి చెక్క నిచ్చెన మీద నిలబడితే సరిగ్గా వెలగకపోవచ్చు. పక్క వైరు ప్రభావంతో ఖాళీ వైరు మీద మినుకుమనడమూ ఉంది. ఇన్ని లోపాలున్నా మొదటి పనిముట్టు అదే. దాని లోపాలతో సహా దాన్ని నేర్పండి. ముందు కరెంటు ఉందని తెలిసిన పాయింట్ మీద పెట్టి టెస్టర్ బాగుందో లేదో చూడాలి. తర్వాత పని చేయాల్సిన వైరు మీద. మళ్లీ తెలిసిన పాయింట్ మీద. మూడుసార్లు చూశాకే వైరు ముట్టుకోవాలి. సొంత టెస్టర్ ఉన్న పిల్లాడికి ఇది పది రోజుల్లో అలవాటవుతుంది. అడిగి తెచ్చుకునేవాడికి ఎప్పటికీ కాదు, ఎందుకంటే ఇచ్చినవాడు వెనకే నిలబడి "తొందరగా ఇయ్యి" అంటుంటాడు.

రెండోది మల్టీమీటర్. ఇది పెద్దవాళ్ల వస్తువు, కొత్త పిల్లలకెందుకు అని చాలామంది మేస్త్రీలంటారు. నేను ఒప్పుకోను. మన రెండు రాష్ట్రాల్లో ఊళ్లకు తిరిగి వెళ్లే ఐటీఐ పిల్లలకు ముందు వచ్చే పని వ్యవసాయ మోటార్లది. మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు అని రైతు కబురు చేస్తాడు. పిల్లాడు వెళ్లి టెస్టర్ పెడతాడు, మూడు ఫేజుల్లోనూ వెలుగుతుంది. కరెంటు బాగానే ఉంది, మోటారే పోయిందని చెబుతాడు. రైతు మోటారు పైకి లాగించి వైండింగ్ షాపుకు మోయిస్తాడు. అసలు జరిగిందేమిటంటే ఒక ఫేజు ఫ్యూజు పోయింది. స్టార్టర్ కాయిల్ గుండానో, మోటారు వైండింగ్ గుండానో మిగతా ఫేజుల కరెంటు ఆ చచ్చిన ఫేజులోకి తిరిగొచ్చి టెస్టర్‌ను వెలిగించింది. రెండేసి ఫేజుల మధ్య వోల్టేజీ కొలిచి ఉంటే ఒక జతకు 400 దాకా, మిగతా జతలకు బాగా తక్కువ చూపి, విషయం నిమిషంలో తేలేది. రైతుకు డబ్బు, పంటకు తడి రెండూ దక్కేవి. ఇంట్లో కూడా అంతే. న్యూట్రల్ తెగితే టెస్టర్ చెప్పలేదు, మీటరు చెబుతుంది. తెగిన వైరు ఎక్కడ తెగిందో కంటిన్యూటీ బజర్ చెబుతుంది. సోలార్ డీసీ కొలవాలంటే మీటరు తప్పదు.

అయితే రెండు వందల చౌక మీటరు ఇవ్వకండి. ప్రోబ్‌ల మీద, మీటరు మీద క్యాట్ 3, 600 వోల్ట్ అన్న గుర్తు ఉండాలి. అది మెయిన్ బోర్డు దగ్గర వచ్చే వోల్టేజీ పోట్లకు తట్టుకునే తరగతి. ఆ గుర్తు నిజమో కాదో ఒక సంస్థలోనైనా పరీక్ష చేయించి కొనండి. ఎర్ర ప్రోబ్ పది ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజీ కొలిస్తే అది నేరుగా షార్ట్ చేసినట్టే. చౌక మీటర్లలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండకపోవచ్చు. మొహం మీద మంట లేస్తుంది. ఈ ఒక్క తప్పు జరగకుండా నేర్పడానికి ఒక ప్రాక్టికల్ పూర్తిగా కేటాయించినా ఎక్కువ కాదు.

మూడోది కటింగ్ ప్లేయర్, ఎనిమిది అంగుళాలది. నాసిక్‌లో తయారయ్యే టపారియా ప్లేయర్ మా తరం చేతుల్లో ఏళ్లకేళ్లు నిలిచింది. అలాంటి ఉక్కు ఉన్నది ఏ కంపెనీదైనా సరే. పిడికి ఉన్న ప్లాస్టిక్ తొడుగు చూసి షాకు తగలదని పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. పరీక్షించిన ఇన్సులేటెడ్ పనిముట్టు మీద 1000 వోల్ట్ అంకె, దాని పక్కన జంట త్రికోణాల గుర్తు ఉంటాయి. అది అంతర్జాతీయ ప్రమాణం 60900 ప్రకారం పెట్టే గుర్తు. కిట్‌లో ప్లేయరూ, స్క్రూడ్రైవర్లూ ఆ గుర్తున్నవే ఇవ్వాలి. అవి ఉన్నా సరే, కరెంటు మీద పని చేయడానికి అవి అనుమతి కావని కూడా చెప్పాలి. మహిళా ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివే అమ్మాయిలున్నారు. ఎనిమిది అంగుళాల ప్లేయర్ కొందరి పిడికిట్లో ఇమడదు. ఆరు అంగుళాలది ఎంచుకునే వీలు వాళ్లకివ్వండి. అందరికీ ఒకే కొలత అని టెండరులో రాసేస్తే ఆ పనిముట్టు సంచీలోనే ఉండిపోతుంది.

నాలుగోది వైర్ స్ట్రిప్పర్. పిల్లలు పళ్లతో వైరు పై తోలు లాగుతారు. లైటర్‌తో కాల్చి ఊడదీస్తారు. బ్లేడుతో కోస్తారు. బ్లేడు కోతకు లోపలి రాగి పోగులు రెండు మూడు తెగితే పైకి కనబడదు. 2.5 స్క్వేర్ వైరు ఆ చోట సన్నబడుతుంది. గీజరో ఏసీనో నడిచినప్పుడల్లా ఆ కొస వేడెక్కుతుంది, ఏళ్లు గడిచాక సాకెట్ కరిగి నల్లబడుతుంది. ఇంటాయన కంపెనీని తిడతాడు. తప్పంతా ఆ రోజు స్ట్రిప్పర్ లేని చేతిది.

మిగతావి మామూలే. ఒక నోస్ ప్లేయర్, సైడ్ కట్టర్, చదును మొనవీ నక్షత్రం మొనవీ రెండు మూడు కొలతల్లో స్క్రూడ్రైవర్లు, ఐదు మీటర్ల టేపు, సుత్తి, హ్యాక్సా ఫ్రేము, కత్తి, మంచి ఇన్సులేషన్ టేపు చుట్టలు రెండు. తలకు పెట్టుకునే చిన్న టార్చి ఒకటి చేర్చండి. కరెంటు తీసేశాక చీకట్లో పని చేసేది మేమే. వీటన్నిటినీ పెట్టుకోవడానికి గట్టి గుడ్డ సంచీ, నడుముకు కట్టుకునే చిన్న పౌచ్. పౌచ్ చిన్న విషయమని వదిలేయకండి. నిచ్చెన ఎక్కినవాడి టెస్టర్ కింద సంచీలో ఉంటే, దాని కోసం దిగడు.

ఇంకో రెండు మార్కెట్లో దొరకవు, తయారు చేయించాలి. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు, ఒక చిన్న సిరీస్ బోర్డు. పాత మేస్త్రీలు 100 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి రిపేరు చేసిన ఇస్త్రీపెట్టెనో, మిక్సీనో పరీక్షించేవాళ్లు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అర ఆంపియర్ కూడా దాటదు, ఫ్యూజు పోదు. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు. ఆ పాత రకం బల్బులు దొరకడం తగ్గిపోతోంది. దొరికినప్పుడే ప్రతి ఐటీఐ పెట్టెడు తెచ్చి పెట్టుకుంటే, ఈ విద్య పిల్లలకు అందుతుంది. తన చేత్తో చేసుకున్న సిరీస్ బోర్డు సంచీలో ఉంటే ఆ పిల్లాడు సర్క్యూట్ అర్థం చేసుకున్నట్టే.

డ్రిల్ మిషన్, క్లాంప్ మీటర్, మెగ్గర్, ఎర్త్ టెస్టర్ ఈ సంచీలో వద్దు. అవి పని ఇచ్చేవాడు సమకూర్చాల్సినవి. నాలుగైదేళ్లలో పిల్లలు తామే కొనుక్కుంటారు.

ఈ మొత్తం ఖర్చు, ఇన్సులేటెడ్ పనిముట్లతో సహా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, కోఠి దగ్గరి ట్రూప్ బజార్‌లోనో విడిగా కొన్నా నా అంచనాలో ఐదారు వేలకు మించదు. వేల సంఖ్యలో ప్రభుత్వం కొంటే ఇంకా తగ్గుతుంది. పిల్లలే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. అప్రెంటిస్ నిబంధనలను 2019లో సవరించినప్పుడు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకు కనీస స్టైపెండ్ 7,000 రూపాయలని పెట్టారు. అందులో గది కిరాయి, బస్సు, తిండి పోను ఐదు వేల కిట్ కొనడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే ముందు పాతిక రూపాయల టెస్టర్ కొంటారు, తర్వాత చూద్దాం అనుకుంటారు.

పనిముట్లకు ప్రభుత్వం డబ్బివ్వడం కొత్తేమీ కాదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా ఈ-వోచర్ ఇస్తున్నారు. అదీ ప్రాథమిక శిక్షణ మొదట్లోనే. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, కుమ్మరి, దర్జీ, మంగలి అందులో ఉన్నారు. వాళ్లకు అందాల్సిందే, ఇంకా ఎక్కువే అందాలి. ఆ 18లో ఎలక్ట్రీషియన్ లేడు. అది చేతివృత్తుల పథకం కాబట్టి లేకపోవచ్చు. కానీ శిక్షణ మొదట్లోనే పనిముట్టు చేతికి రావాలన్న సూత్రాన్ని కేంద్రం అక్కడ ఒప్పుకుంది. పనిముట్టు లేకపోతే ప్రాణమే పోయే వృత్తికి ఆ సూత్రం ఇంకా బాగా వర్తిస్తుంది. మీ రాష్ట్రాల పరిధిలో మీరే దీన్ని చేయవచ్చు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. అతి తక్కువ ధర కోట్ చేసినవాడికి టెండరు ఇచ్చే పద్ధతి ఈ సంచీకి పనికిరాదు. ప్లాస్టిక్ పెట్టెలో ముప్పై రెండు ముక్కలు మెరుస్తూ వస్తాయి. మొదటి నెలలోనే స్క్రూడ్రైవర్ మొన తిరిగిపోతుంది, ప్లేయర్ నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ముక్కల లెక్క కాదు, ప్రమాణం గుర్తులు టెండరులో రాయండి. నమూనాలు తెప్పించి మీ సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ల చేత వారం రోజులు వాడించండి. వాళ్లు వద్దన్నది కొనకండి. నాసిరకం టెస్టర్ పిల్లాడి చేతిలో పెట్టడం కన్నా ఏదీ ఇవ్వకపోవడం నయం, ఎందుకంటే వాడు దాన్ని నమ్ముతాడు.

కాంట్రాక్టర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైన్ల మీద, యంత్రాల మీద పనిచేసే వారికి గ్లవ్స్, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టు, నిచ్చెన, హెల్మెట్, లైన్ టెస్టర్ వంటివి సమకూర్చాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనే రాసింది. చిన్న సైట్లలో ఇది ఎక్కడా కనబడదు. అప్రెంటిస్‌ను కేటాయించే ముందు, ఆ సంస్థ దగ్గర ఈ వస్తువులు ఉన్నాయో లేదో మీ అధికారి ఒకసారి వెళ్లి చూడాలి. లేని చోటికి పిల్లల్ని పంపకూడదు. నా తోటి మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు కూడా ఒక మాట. పిల్లాడు మీ ముందే టెస్టర్ తీసి చూసుకుంటే దాన్ని అవమానంగా తీసుకోకండి. "శభాష్" అనండి.

పనిముట్లు ఇచ్చాక పోగొడతారు, అమ్ముకుంటారు అనే మాట మీ ఆఫీసుల్లో వినబడుతుంది. ఒకరిద్దరు అమ్ముకోవచ్చు. దానికి భయపడి మిగతావాళ్ల చేతులు ఖాళీగా ఉంచకండి. ప్రతి పనిముట్టు మీద విద్యార్థి పేరు, అడ్మిషన్ నంబరు చెక్కించండి. చెక్కడం కూడా ప్రాక్టికల్‌గా వాళ్లచేతే చేయించవచ్చు. నెలకోసారి సంచీ విప్పించి చూడండి. పగిలిన టెస్టర్‌ను ప్రశ్నలు వేయకుండా మార్చి కొత్తది ఇవ్వండి; ఖర్చు వంద రూపాయలు. సర్టిఫికెట్ పరీక్షలో ఒక అంశం పెట్టండి: కరెంటు పోయిందని నిర్ధారించుకుని మాత్రమే బోర్డు విప్పాలి, అదీ తన సొంత పనిముట్లతో. అది చేయనివాడిని పాస్ చేయకండి. ఆ పరీక్ష ఉందంటే రెండేళ్లూ ఇన్‌స్ట్రక్టర్లు దాన్నే నేర్పుతారు.

ఈ ఏడాది చేరే బ్యాచ్‌తోనే మొదలుపెట్టండి. అన్ని పనిముట్లకూ ఇప్పటికిప్పుడు నిధులు లేవంటే ముందు టెస్టర్, మల్టీమీటర్, స్ట్రిప్పర్ ఈ మూడూ ఇవ్వండి. మిగతావి రెండో ఏడాది ఇవ్వండి. నమూనాలు ఎంచడానికి మనుషులు కావాలంటే వరంగల్ నుంచి నేను, నా తోటి మేస్త్రీలు సొంత ఖర్చుతో వచ్చి కూర్చుంటాం. మీ పిలుపు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక ఎలక్ట్రికల్ మేస్త్రీ